టైమింగ్ చైన్ శబ్దం: చైన్‌ను తప్పుపట్టే ముందు ఆయిల్ ప్రెషర్ కొలవండి

పొద్దున్నే స్టార్ట్ కొట్టగానే ఇంజన్ ముందు భాగంలోంచి కొన్ని సెకన్లపాటు కటకటమని శబ్దం వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. బండిని షెడ్డుకు తీసుకెళ్తే ఎక్కువగా రెండు జవాబుల్లో ఒకటి వినిపిస్తుంది. "డీజిల్ బండి కదా సార్, అలాగే ఉంటుంది" అని ఒకరంటారు, "చైన్ పోయింది, కిట్ మొత్తం మార్చేయాలి" అని ఇంకొకరంటారు. రెండు మాటలూ నిజం కావచ్చు, కానీ ఏ పరీక్షా చేయకుండా చెబితే రెండూ ప్రమాదమే. మొదటి మాట నమ్మితే ఇంజనే పోవచ్చు, రెండోది నమ్మితే పెద్ద మొత్తం ఖర్చయ్యాక కూడా అదే శబ్దం మళ్లీ రావచ్చు. ఎందుకంటే వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా ఇంజన్‌ను నడిపించే ఈ టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచేది ఆయిల్ ప్రెషర్. ఆ ప్రెషర్ సంగతి తేల్చకుండా చైన్ మార్చడమంటే అసలు కారణాన్ని లోపలే వదిలేసి కవర్ మూసేయడమే.

ఉదాహరణకు మన రోడ్ల మీద బాగా తిరిగిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌నే తీసుకుందాం. ఫియట్ మల్టీజెట్ పేరుతో 2003లో వచ్చిన 1,248 సీసీ ఇంజన్ ఇది. మారుతి దీన్ని డీడీఐఎస్ అని 2007లో స్విఫ్ట్‌లో పెట్టింది, ఆ తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, బ్రెజాల్లోకి కూడా తెచ్చింది. టాటా దీన్నే క్వాడ్రాజెట్ పేరుతో విస్టా, మాంజా, జెస్ట్ కార్లలో వాడింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య రూల్స్ రావడంతో మారుతి డీజిల్ కార్లనే ఆపేసింది. అయినా ట్యాక్సీలుగా, సెకండ్ హ్యాండ్ బళ్లుగా ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఇవి ఇంకా చాలానే నడుస్తున్నాయి. ఈ ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ ఉండదు, చైనే ఉంటుంది. "చైన్ ఇంజన్ అండీ, జీవితాంతం మార్చక్కర్లేదు" అనే మాట దీని విషయంలో చాలాసార్లు వింటాం. చైన్‌కు ఫలానా కిలోమీటర్లకు మార్చాలనే లెక్క లేకపోవడం వేరు, అది అరగకపోవడం వేరు. మూడు లీటర్ల పైచిలుకు ఆయిల్ మాత్రమే పట్టే ఈ చిన్న ఇంజన్‌లో ఒక లీటరు తగ్గిందంటే దాదాపు మూడో వంతు పోయినట్టే. దాని దెబ్బ మొదట పడే వాటిలో, చైన్‌ను వదులు కాకుండా నెట్టి ఉంచే టెన్షనర్ ఒకటి.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చూస్తే శబ్దాన్ని అర్థం చేసుకోవడం తేలికవుతుంది. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేది చైన్. క్రాంక్ లాగే వైపు చైన్ ఎప్పుడూ బిగువుగా ఉంటుంది, దానికి పక్కన ఒక ప్లాస్టిక్ గైడ్ కదలకుండా నిలబడి ఉంటుంది. రెండో వైపు వదులుగా ఉంటుంది, అక్కడ వంగి ఉన్న ఇంకో గైడ్‌ను టెన్షనర్ వెనకనుంచి నెడుతుంది. టెన్షనర్ లోపల ఒక పిస్టన్, ఒక స్ప్రింగ్, ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే చిన్న వాల్వ్ ఉంటాయి. చాలా డిజైన్లలో పిస్టన్ వెనక్కి జారకుండా పళ్లు కూడా ఉంటాయి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు స్ప్రింగ్ ఒక్కటే పని చేస్తుంది. స్టార్ట్ అయ్యాక ఆయిల్ వచ్చి పిస్టన్‌ను గట్టిగా నెడుతుంది. అంటే స్టార్ట్ కొట్టిన క్షణానికీ టెన్షనర్‌లోకి ఆయిల్ చేరే క్షణానికీ మధ్య చైన్‌కు పూర్తి పట్టు ఉండదు. మనకు వినపడే కటకట చాలావరకు ఆ మధ్యలో పుట్టేదే. ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు అనుకున్నా సెకనుకు 13 చుట్లు పైనే, కాబట్టి మూడు సెకన్ల శబ్దం అంటే 40 చుట్ల పాటు చైన్ గైడ్‌ను కొడుతూ తిరిగిందన్నమాట.

అందుకే అన్నిటికంటే ముందు అడగాల్సింది శబ్దం ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అని. రాత్రంతా ఆగిన బండిలో ఒక సెకను లోపే వచ్చి పోయే చిన్న శబ్దం చాలా ఇంజన్లలో మామూలే, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. మూడు నాలుగు సెకన్లకు పెరిగిందంటే మాత్రం ఆయిల్ ఆలస్యంగా చేరుతోందనో, టెన్షనర్ తనలోని ఆయిల్‌ను పట్టి ఉంచలేకపోతోందనో అనుమానించాలి. గంట సేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా వస్తుంటే టెన్షనర్ మీద అనుమానం ఇంకా బలపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, బాగా వేడెక్కాక ఐడిల్‌లో మొదలై, కాస్త రేస్ చేస్తే పోయే శబ్దం ఇంకో రకం. వేడికి ఆయిల్ పల్చబడి ఐడిల్‌లో ప్రెషర్ పడిపోవడాన్ని అది సూచిస్తుంది, అప్పుడు చైన్ కంటే ముందు ఆయిల్ పంపునూ బేరింగులనూ చూడాలి. ఇక యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు, రేస్ పడిపోయే ఆ క్షణంలో గలగలమంటే చైన్ పొడవు పెరిగిందనో గైడ్ అరిగిందనో అనుకోవచ్చు, ఎందుకంటే వేగం తగ్గేటప్పుడు బిగువు ఒక వైపునుంచి ఇంకో వైపుకు మారుతుంది. చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా, ఐడిల్‌లో ఉన్నా, రేస్‌లో ఉన్నా ఆగకుండా వస్తుంటే ఇక ఆ బండిని నడపకూడదు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. చూడటానికి వెళ్లేసరికి ఇంజన్ అప్పటికే వేడిగా ఉంటే ఈ లక్షణాల్లో సగం కనపడవు. బానెట్ ఎత్తి ఇంజన్ చల్లగా ఉందో లేదో ముట్టుకుని చూసి, వేడిగా ఉంటే మర్నాడు పొద్దున వస్తామని చెప్పి రావడమే మంచిది. మొదటి స్టార్ట్‌ను బానెట్ ఎత్తి ఉంచి ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటే తర్వాత తెలిసిన మెకానిక్‌కు వినిపించవచ్చు కూడా.

శబ్దం చైన్‌దేనా అన్నది ఇంకా తేలలేదు. ఇంజన్ ముందు వైపు తిరిగే వస్తువులు చాలా ఉన్నాయి: ఆల్టర్నేటర్ బేరింగ్, ఏసీ కంప్రెసర్ పుల్లీ, బెల్ట్ టెన్షనర్, వాటర్ పంపు. వీటన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టే పరీక్ష ఒకటుంది. బయట ఉండే ఫ్యాన్ బెల్ట్‌ను తీసేసి ఇంజన్‌ను అర నిమిషం లోపు నడిపి చూడాలి. శబ్దం పోతే దొంగ బయటే ఉన్నాడు. అలాగే ఉంటే లోపలిదే. వాటర్ పంపు ఆ బెల్ట్‌తోనే తిరిగే ఇంజన్లలో అంతకంటే ఎక్కువసేపు నడపకూడదు. డీజిల్‌లో ఇంజెక్టర్ కొట్టే శబ్దం కూడా చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. స్కానర్ పెట్టి ఒక్కో సిలిండర్‌ను ఆపుతూ వింటే, ఏదో ఒక సిలిండర్ ఆగినప్పుడు శబ్దం స్పష్టంగా తగ్గితే అది ఇంజెక్టర్‌దో, ఆ సిలిండర్ బేరింగ్‌దో అయ్యుంటుంది. చైన్ శబ్దం ఏ ఒక్క సిలిండర్‌ను ఆపినా పూర్తిగా పోదు. క్లచ్ తొక్కితే మారే శబ్దం గేర్‌బాక్స్ వైపుది. పైన వాల్వుల దగ్గరి ట్యాపెట్ శబ్దం సన్నగా, లయ తప్పకుండా టిక్ టిక్‌మంటుంది, కామ్ వేగంతో అంటే ఇంజన్ వేగంలో సగంతో వస్తుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతే కింద ఆయిల్ నిలిచే ఛాంబర్ వైపునుంచి బరువుగా, లోడ్ పడినప్పుడు దబదబమంటూ వస్తుంది. సైలెన్సర్ దగ్గరుండే పల్చటి రేకు వదులైనా ఒకానొక రేస్ దగ్గర చైన్‌లాగే జరజరమంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చేత్తో తట్టి చూస్తే దాని సంగతి నిమిషంలో తేలిపోతుంది.

చెవితో వెతకడానికి మెకానిక్ స్టెతస్కోప్ ఉంటే మంచిది, లేకపోతే పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినే పాత పద్ధతి కూడా పనికొస్తుంది. తిరిగే బెల్ట్‌కూ పుల్లీలకూ దూరంగా ఉండాలి, వదులు చొక్కా చేతులు దగ్గరికి పోకూడదు. వినాల్సిన చోట్లు నాలుగు: టైమింగ్ కవర్ పై భాగం, టెన్షనర్ ఉన్న చోటు, ట్యాపెట్ కవర్ మధ్య భాగం, కింద ఛాంబర్. చైన్ శబ్దమైతే మొదటి రెండు చోట్లే ఎక్కువ వినిపించి మిగతా చోట్ల తగ్గిపోతుంది. అయితే ఆ ఇంజన్‌లో చైన్ ఏ వైపు ఉందో ముందే తెలుసుకోవాలి. మల్టీజెట్‌లో అది గేర్‌బాక్స్‌కు అవతలి చివర, పుల్లీలుండే వైపు ఉంటుంది. బీఎండబ్ల్యూ 320డి, 520డి కార్లలో వచ్చిన ఎన్47 డీజిల్‌లోనైతే చైన్‌ను వెనక, గేర్‌బాక్స్ వైపు పెట్టారు. ఆ ఇంజన్ చైన్ శబ్దానికి పేరుమోసింది. అక్కడ శబ్దం డ్యాష్‌బోర్డ్ వెనకనుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది కాబట్టి ముందు వైపు వెతికితే ఏమీ దొరకదు.

ఇప్పుడు ఆయిల్. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, కొన్ని నిమిషాలు ఆగి ఆయిల్ లెవెల్ చూపే డిప్‌స్టిక్ తీసి చూడాలి. చాలామంది డ్యాష్‌బోర్డ్‌లో ఆయిల్ లైట్ వెలగలేదు కాబట్టి ఆయిల్ ఉన్నట్టే అనుకుంటారు, ఇంజన్లు పోవడానికి ఇదొక పెద్ద కారణం. ఆ ఎర్ర లైట్ చూపించేది లెవెల్‌ను కాదు, ప్రెషర్‌ను. అదీ ప్రెషర్ దాదాపు అర బార్ కంటే కిందికి పడ్డాకే చాలా ఇంజన్లలో వెలుగుతుంది. టెన్షనర్‌కు కావాల్సిన ప్రెషర్ అంతకంటే చాలా ముందే అందకుండా పోతుంది. అంటే లైట్ వెలగకుండానే చైన్ రోజుల తరబడి గైడ్లను కొట్టుకుంటూ ఉండొచ్చు. లెవెల్ తక్కువుంటే సరైన గ్రేడ్ ఆయిల్ పోసి రెండు మూడు రోజులు పొద్దున్నే వినండి. శబ్దం పోయినా, ఆయిల్ ఎక్కడికి పోతోందో, కారుతోందా, టర్బోలోంచి కాలిపోతోందా అన్నది తేల్చేదాకా పని అయినట్టు కాదు.

లెవెల్ సరిగ్గానే ఉందంటే ప్రెషర్‌ను ప్రెషర్ గేజ్‌తో కొలవాలి. ఈ పనిని ఎవరూ చేయకపోవడమే అసలు బాధ. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ చోట గేజ్ బిగించి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి, ఐడిల్‌లోనూ రేస్‌లోనూ చూస్తే చాలు. అంకెలు ఆ ఇంజన్ మాన్యువల్ ప్రకారమే చూడాలి, అయినా వేడి ఐడిల్‌లో సుమారు 1 బార్, హైవే వేగాల్లో 3 నుంచి 4 బార్ చుట్టుపక్కల ఉండటం చాలా చిన్న ఇంజన్లలో ఆరోగ్యానికి గుర్తు. స్టార్ట్ కొట్టాక ముల్లు లేవడానికి ఎంతసేపు పడుతోందో కూడా చూడండి. ముల్లు లేచిన క్షణానే శబ్దం ఆగుతోందంటే చైన్ కంటే ఆయిల్ ఆలస్యంగా రావడమే సమస్య అని అర్థం. ప్రెషర్ వెంటనే వచ్చి కూడా శబ్దం కొనసాగుతుంటే అప్పుడు టెన్షనర్, గైడ్లు, చైన్ వైపు వెళ్లాలి. ఈ రెండింటి మధ్య తేడా చెప్పగలిగేది గేజ్ ఒక్కటే.

ఆయిల్ ఆలస్యంగా రావడానికి కారణాలు చాలాసార్లు చవకైనవే. డబ్బా రకం ఆయిల్ ఫిల్టర్లలో, ఇంజన్ ఆగాక ఆయిల్ కిందికి దిగిపోకుండా ఆపే రబ్బరు పొర ఒకటి ఉంటుంది. నకిలీ ఫిల్టర్లలో అది గట్టిపడి పనిచేయదు, దాంతో ప్రతి ఉదయం దారులన్నీ ఖాళీగానే మొదలవుతాయి. పెట్రోల్ కార్లలో ఫిల్టర్ ఒక్కటి మారిస్తే కటకట పోయిన సందర్భాలు తక్కువేం కాదు. ఇంకో కారణం ఛాంబర్ లోపలి జల్లెడ. ఆయిల్ ఆలస్యంగా మార్చిన బళ్లలో అది మడ్డితో మూసుకుపోతుంది. అంతకుముందు ఎవరైనా ఛాంబర్ దించి మళ్లీ బిగించేటప్పుడు సీలెంట్ ఎక్కువ పూసి ఉంటే, లోపలికి పిండుకుపోయిన ముక్కలు తెగి నేరుగా వెళ్లి ఆ జల్లెడకే అతుక్కుంటాయి.

చైన్ సాగిందని అందరూ అంటాం గానీ ఇనుము రబ్బరులా సాగదు. ప్రతి లింకు దగ్గర పిన్నూ దాని రంధ్రమూ కొద్దికొద్దిగా అరుగుతాయి. ఒక్కో లింకు పొడవు (పిచ్) 8 మి.మీ. ఉన్న 150 లింకుల చైన్ అనుకుందాం. ఒక్కో కీలు దగ్గర 0.01 మి.మీ. అరిగినా మొత్తం పొడవు 1.5 మి.మీ. పెరుగుతుంది. క్రాంక్ మీది పళ్ల చక్రానికి, అంటే స్ప్రాకెట్‌కు 20 పళ్లుంటే చుట్టుకొలత 160 మి.మీ., కాబట్టి 1.5 మి.మీ. అంటే మూడు డిగ్రీల పైన. కానీ టైమింగ్‌ను వెనక్కి లాగేది బిగువు వైపు చైన్ భాగం మాత్రమే కాబట్టి నిజంగా పడే తేడా అందులో సగానికి మించదు. ఇంత చిన్న తేడాకు ఇంజన్ కంప్యూటర్ సాధారణంగా ఏ ఫాల్ట్ కోడూ వేయదు. క్రాంక్, కామ్ సెన్సార్లకు పొంతన కుదరలేదని చెప్పే పి0016, పి0017 కోడ్లు వచ్చేసరికి అరుగుదల బాగా ముదిరి ఉంటుంది, లేదా చైన్ ఒక పన్ను దాటి ఉంటుంది. ఇదే లెక్కలో ఒక పన్ను అంటే 18 డిగ్రీలు. అందుకని "స్కానర్‌లో ఏమీ రాలేదు, చైన్ బాగానే ఉంది" అనే మాటకు విలువ లేదు. కోడ్ వస్తే అది గట్టి సాక్ష్యం. రాకపోతే ఏ సాక్ష్యమూ కాదు. ఆసిలోస్కోప్ ఉన్న చోట క్రాంక్, కామ్ సెన్సార్ల తరంగాలను పక్కపక్కన పెట్టి, మంచి బండి తరంగాలతో పోల్చితే ఏమీ విప్పకుండానే తేడా కనపడుతుంది.

డీజిల్‌లో ఈ అరుగుదలకు వేగం పెంచేది ఆయిల్‌లో కలిసే మసి. అది పిన్నుల మధ్య చేరి సన్నటి రాపిడి పొడిలా పనిచేస్తుంది. మారుతి ఈ ఇంజన్‌కు ఆయిల్ మార్చమన్నది 10,000 కి.మీ.కు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. రోజంతా ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఐడిల్‌లో ఉండే ట్యాక్సీల్లో కిలోమీటర్ల మీటరు ఆగి ఉన్నా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి 7,000, 8,000 కే మార్చడం న్యాయం.

పెట్రోల్ ఇంజన్లలో ఇంకో అనుమానితుడు ఉంటాడు. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వీవీటీ ఉన్న ఇంజన్లలో, ఆ మార్పు చేసే ఫేజర్ కామ్ చివర ఉంటుంది, దాన్ని ఇంజన్ ఆగినప్పుడు ఒక చిన్న పిన్ను లాక్ చేసి ఉంచాలి. ఆ పిన్ను అరిగితే స్టార్ట్‌లో ఒకటి రెండు సెకన్లు గర్‌మని గట్టిగా వస్తుంది. వినడానికి చైన్‌లాగే ఉంటుంది గానీ చైన్ కిట్ మార్చినా, ఫేజర్ పాతదే ఉంచితే శబ్దం తిరిగొస్తుంది. సూపర్బ్, లారా కార్లలో వచ్చిన 1.8 టీఎస్ఐ ఇంజన్‌లోనైతే కథ టెన్షనర్‌ది. దాని పాత డిజైన్‌లో పిస్టన్ వెనక్కి జారకుండా ఆపే ఏర్పాటు విఫలమయ్యేది, స్టార్ట్ కొట్టిన క్షణంలోనే చైన్ పన్ను దాటి వాల్వులు వంగిపోయేవి. తర్వాత ఆ టెన్షనర్ డిజైన్‌నే మార్చారు. అలాంటి ఇంజన్‌లో శబ్దాన్ని కొన్నాళ్లు గమనిద్దాం అనుకోవడానికి వీల్లేదు.

ఇంతా అయ్యాక అనుమానం లోపలి భాగాల మీదే నిలిస్తే విప్పడం తప్పదు, కానీ అన్నీ ఒకేసారి విప్పక్కర్లేదు. కొన్ని పెట్రోల్ ఇంజన్లలో ఆయిల్ పోసే మూత తీస్తేనే చైన్ కనపడుతుంది. ఆయిల్ దించినప్పుడు ఫిల్టర్‌ను విప్పదీసి, ఛాంబర్ అడుగున ఏముందో చూడాలి. నల్లటివో గోధుమ రంగువో ప్లాస్టిక్ ముక్కలు దొరికితే గైడ్ విరిగిందని తేలిపోయినట్టే, ఇక వాదన లేదు. టెన్షనర్ బయటికి తీయగలిగే ఇంజన్లలో పిస్టన్ ఎంత దూరం బయటికి వచ్చిందో చూస్తారు. దాని పరిధి చివరికి వచ్చేసి ఉంటే చైన్ పొడవు పెరిగిందని అర్థం. కొద్దిగానే వచ్చి, చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంటే టెన్షనరే పోయింది. ఈ పనంతా చేసేటప్పుడు క్రాంక్‌ను వెనక్కి తిప్పకూడదు. వెనక్కి తిప్పితే బిగువు వైపు వదులవుతుంది, ఒక్కోసారి చైన్ అక్కడే పన్ను దాటుతుంది. ఏటవాలులో గేర్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయకుండా వదిలేసే అలవాటు వల్ల, బండి బరువుకు ఇంజన్ వెనక్కి తిరిగి ఇదే జరగొచ్చు. చైన్ శబ్దం ఉన్న బండిని తోసి స్టార్ట్ చేయడం కూడా మానుకోవాలి.

శబ్దం తగ్గించడానికి 5డబ్ల్యూ-30 ఉండాల్సిన చోట 20డబ్ల్యూ-50 పోసేవాళ్లున్నారు. వేడిగా ఉన్నప్పుడు శబ్దం నిజంగానే తగ్గుతుంది, అందుకే ఈ చిట్కా ఇంకా బతికుంది. కానీ పొద్దున్నే ఆ చిక్కటి ఆయిల్ టెన్షనర్ దాకా చేరడానికి ఇంకా ఎక్కువ సమయం తీసుకుంటుంది. చైన్‌కు పట్టులేని ఆ కొన్ని సెకన్లే పెరుగుతాయి, టర్బోకు ఆయిల్ చేరడమూ ఆలస్యమవుతుంది. అమ్మేసే బండికి ఈ పని చేయడం కొనేవాణ్ని మోసం చేయడమే.

కిట్ మార్చాల్సిందేనని తేలితే చైన్ ఒక్కటే కొని తేవద్దు. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ త్వరగా అరిగిపోతుంది కాబట్టి చైన్, స్ప్రాకెట్లు, గైడ్లు, టెన్షనర్ కలిపే మార్చాలి. ఒక్కసారే వాడాలని కంపెనీ చెప్పిన బోల్టులు, క్రాంక్ ఆయిల్ సీలు కూడా కొత్తవే వేయాలి. పాత చైన్ మీదా స్ప్రాకెట్ మీదా పెయింట్‌తో గుర్తులు పెట్టుకుని అలాగే బిగించే పద్ధతి ఇలాంటి చోట బెడిసికొడుతుంది, ఎందుకంటే సాగిన చైన్ చూపించిన తప్పు స్థానాన్నే కొత్త చైన్‌తో మళ్లీ కాపీ చేసినట్టవుతుంది. మల్టీజెట్‌లో క్రాంక్‌నూ కామ్‌లనూ లాక్ చేసే టూల్స్ ఉన్న షెడ్డుకే పని ఇవ్వాలి. బిగించాక క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, లాక్ పిన్నులు మళ్లీ తేలిగ్గా దూరుతున్నాయో లేదో చూడమని అడగండి.

చైన్ అప్పటికే పన్ను దాటి బండి ఆగిపోయి ఉంటే, ఈ ఇంజన్ విషయంలో వెంటనే ఇంజన్ మొత్తం పోయిందని నమ్మక్కర్లేదు. పిస్టన్ వాల్వును తాకినప్పుడు ఇందులో చాలాసార్లు ముందు, కామ్ కదలికను వాల్వులకు అందించే రాకర్ ఆర్మ్‌లు విరుగుతాయి, వాల్వులు బతికే అవకాశం ఉంటుంది. ట్యాపెట్ కవర్ తీసి ఏవి విరిగాయో చూసి, రాకర్లు మార్చి, టైమింగ్ సరిచేసి, నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ కొలిచాకే సిలిండర్ హెడ్ దించాలా వద్దా అన్నది నిర్ణయించాలి. కొత్త టెన్షనర్ మొదటి స్టార్ట్‌లో ఆయిల్ నిండేదాకా కొన్ని సెకన్లు శబ్దం చేస్తుంది, అది మామూలే. మర్నాడు పొద్దున కూడా అదే శబ్దం వస్తే మాత్రం కవర్ మళ్లీ విప్పే ముందు ప్రెషర్ గేజ్ బిగించి చూడాలి.